షరతు మనది, లెక్క షీటుది

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్ప్రెడ్‌షీట్ గురించి మాట్లాడమన్నారు. "బ్యాంకులో పనిచేసేవాళ్లకు అది రోజూ ఉండేదే కదా, ఇంట్లోవాళ్లకు ఎందుకండీ?" అని ఇందాక టీ తాగేటప్పుడు ఒక మిత్రుడు అడిగాడు. ఇంట్లోవాళ్లకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. మనవి ట్రాన్స్‌ఫర్ల జీవితాలు. విజయవాడలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఒకటి, నాగపూర్‌లో పిల్లల స్కూలు ఫీజు కోసం తెరిచింది ఒకటి, భువనేశ్వర్‌లో పక్కింటివాళ్లు చెప్పారని సహకార బ్యాంకులో వేసిన డిపాజిట్ ఒకటి. ఊరు మారినప్పుడల్లా సామానంతా లారీ ఎక్కుతుంది. ఏ రసీదు ఏ ఫైల్లో ఉందో మాత్రం ఒక్కరికే తెలుసు. పగలంతా ఊళ్లోవాళ్ల లెక్కలు చూసి వచ్చిన మనిషికి రాత్రి ఇంటి లెక్క ముందేసుకునే ఓపిక ఉండదు. తప్పు పట్టాల్సిన పని లేదు, అది ఉద్యోగ ధర్మం.

అందుకని ఈ రోజు రెండే ప్రశ్నల గురించి చెబుతాను. "ఎన్ని ఉన్నాయి?" "ఎంత ఉంది?" ఊరికే మొత్తం ఎన్ని, మొత్తం ఎంత అని కాకుండా, ఒక షరతు పెట్టి అడగడం. నామినీ లేనివి ఎన్ని? ఒకే బ్యాంకులో ఒకే మనిషి పేరు మీద ఎంత? వచ్చే మూడు నెలల్లో గడువు తీరేవి ఎన్ని? ఇలాంటి ప్రశ్నలకు స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు ఫార్ములాలు జవాబు చెబుతాయి. వాటి పేర్లు కౌంట్‌ఇఫ్, సమ్‌ఇఫ్, కౌంట్‌ఇఫ్స్, సమ్‌ఇఫ్స్.

కట్టలు కట్టడమే

సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు సాయంత్రం కౌంటర్లు మూశాక ఏం చేసేవాళ్లం? రోజంతా వచ్చిన వోచర్లన్నీ బల్ల మీద పోసేవాళ్లం. సేవింగ్స్‌వి ఒక కట్ట, కరెంట్ అకౌంట్లవి ఒక కట్ట, టర్మ్ డిపాజిట్లవి ఒక కట్ట, లోన్లవి ఒక కట్ట. ఒక్కో కట్టలో ఎన్ని వోచర్లున్నాయో లెక్కపెట్టి, మొత్తం ఎంతో కూడి రాసేవాళ్లం. చివరికి కట్టలన్నీ కలిపితే రోజు మొత్తానికి సరిపోవాలి. పది పైసలు తేడా వచ్చినా ఆ రాత్రి ఇంట్లో అన్నం చల్లారిపోయేది.

అందులో మూడు పనులున్నాయి చూడండి. మొదటిది విడదీయడం. రెండోది లెక్కపెట్టడం, కూడడం. మూడోది టాలీ చేయడం. మొదటి రెండు పనుల్నీ స్ప్రెడ్‌షీట్ రెప్పపాటులో చేసిపెడుతుంది. మూడో పని మనం అడిగితే తప్ప చెయ్యదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే.

పర్సనల్ కంప్యూటర్ మీద నడిచిన తొలి స్ప్రెడ్‌షీట్ విసికాల్క్. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు తయారుచేశారు. నల్లబల్ల మీద ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి రాయాల్సి రావడం బ్రిక్లిన్ తరగతిలో కూర్చుని చూశాడు. ఆ బాధ తప్పించడానికి పుట్టిందే ఇది. ఇవాళ ఎక్సెల్‌లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ, డబ్బు కట్టక్కర్లేని లిబ్రెఆఫీస్‌లోనూ నేను చెప్పిన నాలుగు ఫార్ములాలూ ఇవే పేర్లతో ఉన్నాయి. ఫోన్లో కూడా పనిచేస్తాయి. షీటులో టైపు చేసేటప్పుడు ఫార్ములా పేర్లూ, కాలమ్ అక్షరాలూ ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. పత్రికలో మాత్రం తెలుగులో అచ్చవుతాయి.

ఎనిమిది వరుసలు

ఒక ఇంటి లెక్క తీసుకుందాం. ఊహించిన ఇల్లే, కానీ మన ఇళ్లకు దూరంగా ఉండదు. ఆరు కాలమ్‌లు. ఎ కాలమ్‌లో ఎక్కడ, బి లో ఎవరి పేరు మీద, సి లో ఏ రకం, డి లో ఎంత, ఇ లో గడువు తేదీ, ఎఫ్ లో నామినీ. మొదటి వరుసలో ఈ శీర్షికలు. రెండో వరుస నుంచి లెక్క.

2. మన బ్యాంకు – భర్త – ఎఫ్‌డి – 2,00,000 – 15-06-2026 – భార్య
3. మన బ్యాంకు – భర్త – ఎఫ్‌డి – 2,50,000 – 20-11-2026 – ఖాళీ
4. మన బ్యాంకు – భార్య – ఆర్‌డి – 60,000 – 05-02-2027 – భర్త
5. సహకార బ్యాంకు – భార్య – ఎఫ్‌డి – 3,00,000 – 12-08-2026 – భర్త
6. సహకార బ్యాంకు – భార్య – ఎఫ్‌డి – 2,50,000 – 30-03-2027 – ఖాళీ
7. సహకార బ్యాంకు – భర్త – ఎఫ్‌డి – 1,00,000 – 10-01-2027 – భార్య
8. పోస్టాఫీసు – భర్త – ఎన్‌ఎస్‌సి – 1,50,000 – 25-09-2026 – ఖాళీ
9. పోస్టాఫీసు – భార్య – ఆర్‌డి – 40,000 – 18-04-2027 – భర్త

ఖాళీ అని ఇక్కడ అర్థం కావడానికి రాశాను. షీటులో ఆ సెల్ నిజంగానే ఖాళీగా వదిలెయ్యాలి. మొత్తం 13,50,000 రూపాయలు.

మొదటి ప్రశ్న: ఎఫ్‌డిలు ఎన్ని?

=కౌంట్‌ఇఫ్(సి2:సి9,"ఎఫ్‌డి")

బ్రాకెట్‌లో రెండు సంగతులు చెప్పాం. ఎక్కడ వెతకాలి, దేని కోసం వెతకాలి. జవాబు 5. రెండో ప్రశ్న: ఆ ఎఫ్‌డిల్లో ఎంత ఉంది?

=సమ్‌ఇఫ్(సి2:సి9,"ఎఫ్‌డి",డి2:డి9)

ఇక్కడ మూడో సంగతి చేరింది. సి కాలమ్‌లో వెతికి, దొరికిన వరుసల్లో డి కాలమ్ అంకెల్ని కూడమన్నాం. జవాబు 11,00,000.

షరతు మాటే కానక్కర్లేదు, అంకె కూడా కావచ్చు. రెండు లక్షలకు మించినవి ఎన్ని?

=కౌంట్‌ఇఫ్(డి2:డి9,">200000")

జవాబు 3. అదే ">=200000" అని రాస్తే జవాబు 4. ఎందుకంటే సరిగ్గా రెండు లక్షలు ఉన్న రెండో వరుస ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. "మించినవి" అన్నామా, "అంతకు తక్కువ కానివి" అన్నామా అన్నది ముందు మన మనసులో తేలాలి. ఆ గుర్తు కూడా కొటేషన్ల లోపలే ఉండాలి. అంకెలో కామాలు పెట్టకూడదు.

ఇక తేదీలు. ఈ జూలై నుంచి సెప్టెంబరు దాకా గడువు తీరేవి ఎన్ని? ఇక్కడ షరతులు రెండు కాబట్టి చివర ఎస్ ఉన్న ఫార్ములా కావాలి. ఈ ఎస్ ఉన్నవి ఎక్సెల్‌లో 2007 నుంచి వచ్చాయి. కె1 సెల్‌లో 01-07-2026, కె2 సెల్‌లో 30-09-2026 అని రాసుకుందాం.

=కౌంట్‌ఇఫ్స్(ఇ2:ఇ9,">="&కె1,ఇ2:ఇ9,"<="&కె2)

మధ్యలో ఉన్న & గుర్తు, కొటేషన్లలో ఉన్న గుర్తునీ సెల్‌లో ఉన్న తేదీనీ అతికిస్తుంది. జవాబు 2. ఐదో వరుస, ఎనిమిదో వరుస. రెండూ కలిపి 4,50,000. వచ్చే మూడు నెలలకు కె1, కె2 లో తేదీలు మారిస్తే చాలు, ఫార్ములా ముట్టుకోనక్కర్లేదు. కూతురి కాలేజీ ఫీజు ఆగస్టులో కట్టాలంటే ఏ డిపాజిట్ మీద ఆధారపడొచ్చో అప్పు కోసం వెతకకముందే తెలుస్తుంది.

ఐదు లక్షల గీత

ఇప్పుడు అసలు ఉపయోగం ఎక్కడుందో చూద్దాం. డిపాజిట్ బీమా గురించి మనందరికీ తెలుసు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంక్ మూతపడ్డాక దేశంలో ఆ ఆలోచన గట్టిపడి, 1962 జనవరి 1న మొదలైంది. అప్పట్లో ఒక్కో డిపాజిటరుకు 1,500 రూపాయల దాకా రక్షణ. 1993లో లక్ష అయింది. 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. అసలూ వడ్డీ కలిపే ఈ 5 లక్షలు. సహకార బ్యాంకులకు కూడా వర్తిస్తుంది. ఒక బ్యాంకులో ఒకే హోదాలో మన పేరు మీద ఉన్న డిపాజిట్లన్నీ, ఎన్ని బ్రాంచిల్లో ఉన్నా, కలిపి లెక్కేస్తారు. ఇద్దరి పేర్ల మీద జాయింటుగా ఉన్నది వేరే హోదా. పేర్ల వరుస మారినా వేరే హోదాయే.

మన ఊహా ఇంటిని ఈ గీత మీద నిలబెడదాం. ఒక్కొక్క రసీదు చూస్తే ఏదీ 5 లక్షలు లేదు. పెద్దది 3 లక్షలు. చూసినవాళ్లు ధైర్యంగానే ఉంటారు. కానీ అడగాల్సిన ప్రశ్న: సహకార బ్యాంకులో, భార్య పేరు మీద, ఎంత?

=సమ్‌ఇఫ్స్(డి2:డి9,ఎ2:ఎ9,"సహకార బ్యాంకు",బి2:బి9,"భార్య")

జవాబు 5,50,000. గీత దాటింది. వడ్డీ కలిపితే ఇంకా దాటుతుంది. ఐదో వరుస ఆగస్టులో గడువు తీరినప్పుడు దాన్ని అక్కడే మళ్లీ వేయాలా, వేరేచోట వేయాలా అని ఆలోచించుకునే వీలు ఇప్పుడుంది. పోస్టాఫీసు డిపాజిట్లకు ఈ గీత లేదు, వాటి వెనుక ప్రభుత్వమే ఉంది.

ఒక సంగతి గమనించారా? సమ్‌ఇఫ్‌లో కూడాల్సిన కాలమ్ చివర రాశాం. సమ్‌ఇఫ్స్‌లో మొదటే రాశాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఒక షరతు ఉన్నా సమ్‌ఇఫ్స్ పనిచేస్తుంది కాబట్టి, అదొక్కటే నేర్చుకుంటే ఈ గందరగోళం ఉండదు.

నామినీ కాలమ్

నామినీ లేనివి ఎన్ని? ఖాళీ సెల్ కోసం వెతకాలంటే కొటేషన్ల మధ్య ఏమీ రాయకూడదు.

=కౌంట్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్9,"")

జవాబు 3. వాటిలో ఎంత ఉంది?

=సమ్‌ఇఫ్(ఎఫ్2:ఎఫ్9,"",డి2:డి9)

జవాబు 6,50,000. అంటే ఆ ఇంటి సొమ్ములో దాదాపు సగానికి నామినీ లేరు.

కొన్నేళ్ల కిందట మా సహోద్యోగి ఒకాయన సర్వీసులో ఉండగానే పోయారు. నెల తిరిగాక ఆయన భార్య కబురు చేస్తే వెళ్లాను. గుడ్డసంచి నిండా కాగితాలు తెచ్చి ముందు పెట్టారు. నాలుగు రాష్ట్రాల బ్రాంచిల రసీదులు. వాళ్లబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. నేను చదువుతుంటే వాడు ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. 23 వరుసలు వచ్చాయి. మొత్తం ఎంతో చెప్పబోతే ఆవిడ ఆపేశారు. "మొత్తం ఎంతో తర్వాత చూద్దాం అన్నయ్యగారూ. ముందు ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో చెప్పండి" అన్నారు.

అప్పుడు నామినీ కాలమ్ మీద కౌంట్‌ఇఫ్ పెట్టాం. 7 వచ్చింది. ఆ 7 ఏవో ఫిల్టర్ పెట్టి వేరుచేసి చూపించాడు అబ్బాయి. నామినీ ఉన్న 16 డిపాజిట్ల పని త్వరగానే తెమిలింది. మిగతా 7 కోసం వారసత్వపు కాగితాలని, మిగతా వారసుల సంతకాలని చాలాకాలం తిరగాల్సి వచ్చింది. ఆ ఏడుకీ నామినీ ఫారం నింపడానికి ఎంతసేపు పట్టేదో మనందరికీ తెలుసు. ఆయన బతికుండగా ఆ కౌంట్‌ఇఫ్ ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు నియమాలు ఇంకా సులువయ్యాయి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పదేళ్లు ఎవరూ కదిలించని డిపాజిట్ల సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల అవగాహన నిధికి వెళుతుంది. 2014లో ఏర్పడిన నిధి అది. సొమ్ము పోదు, హక్కుదారు వచ్చి బ్యాంకును అడిగితే ఇస్తారు. వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టింది. కానీ ఉందని తెలిస్తేనే కదా ఎవరైనా వెతికేది!

చెప్పకుండా వదిలేసేవి

ఇక మొదట గుర్తుపెట్టుకోమన్న మాటకు వస్తాను. ఈ ఫార్ములాల స్వభావం ఏమిటంటే, షరతుకు సరిపడని వరుసను అవి మాట్లాడకుండా వదిలేస్తాయి. తప్పు వచ్చిందని గంట కొట్టవు. ఒక అంకె చూపిస్తాయి, అది చూడటానికి పద్ధతిగానే ఉంటుంది.

మన షీటులో ఏడో వరుసలో ఎఫ్‌డి అని రాశాక పొరపాటున ఒక స్పేస్ పడిందనుకోండి. కంటికి తేడా కనబడదు. కానీ షీటుకు అది వేరే మాట. ఎఫ్‌డిల సంఖ్య 5 బదులు 4 అవుతుంది. మొత్తం 11 లక్షల బదులు 10 లక్షలు అవుతుంది. తెలుగులో రాసుకునేవాళ్లకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఒకరు "ఎఫ్‌డి" అంటారు, ఒకరు "ఎఫ్డి" అని ఒత్తు పెడతారు, ఒకరు "ఎఫ్ డి" అని విడదీస్తారు, ఒకరు "ఎఫ్.డి." అని చుక్కలు పెడతారు. మనకు నాలుగూ ఒకటే. షీటుకు నాలుగు కట్టలు.

మరి ఎలా పట్టుకోవాలి? పాత పద్ధతే, టాలీ. హెచ్2, హెచ్3, హెచ్4 సెల్స్‌లో ఎఫ్‌డి, ఆర్‌డి, ఎన్‌ఎస్‌సి అని రాసి, పక్కన ఐ2 లో ఇలా పెట్టండి.

=సమ్‌ఇఫ్($సి$2:$సి$9,హెచ్2,$డి$2:$డి$9)

దాన్ని కిందికి లాగితే మూడు రకాల మొత్తాలూ వస్తాయి. 11,00,000, 1,00,000, 1,50,000. కలిపితే 13,50,000. డి కాలమ్ మొత్తమూ అంతే. టాలీ అయింది. ఏడో వరుసలో స్పేస్ పడి ఉంటే కట్టల మొత్తం 12,50,000 వచ్చేది. లక్ష తేడా. లక్ష ఉన్న వరుస ఏదో చూస్తే దొంగ దొరికినట్టే. వోచర్ల రోజుల్లో తేడాను ఇలాగే పట్టేవాళ్లం.

ఆ డాలర్ గుర్తులు ఎందుకంటారా? అవి లేకుండా కిందికి లాగితే పరిధి కూడా జారుతుంది. సి2:సి9 కాస్తా సి3:సి10 అవుతుంది, మొదటి వరుస బయటపడుతుంది. డాలర్ గుర్తు పరిధికి మేకు కొట్టినట్టు.

ఇలా జారిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను.

కొత్త డిపాజిట్‌ను పదో వరుసలో రాస్తే, 9 దగ్గర ఆగిన ఫార్ములాకు అది కనబడదు. సి:సి, డి:డి అని కాలమ్ మొత్తం ఇస్తే ఈ బాధ ఉండదు. అప్పుడు కూడిక మొత్తాన్ని మాత్రం అదే కాలమ్ కింద రాయకండి.

వెతికే పరిధి, కూడే పరిధి ఒకే వరుసలో మొదలై ఒకే వరుసలో ముగియాలి. ఒకటి రెండో వరుసలో, ఇంకొకటి మూడో వరుసలో మొదలైతే, ఒకరి పేరుకు ఇంకొకరి సొమ్ము కూడుతుంది. అయినా సమ్‌ఇఫ్ ఏమీ అనదు.

తేదీని చుక్కలు పెట్టి 15.06.2026 అని రాస్తే చాలా కంప్యూటర్లలో అది తేదీ కాకుండా మాటగా ఉండిపోతుంది. తేదీ షరతుకు అందదు. గుర్తుపట్టే చిట్కా ఒకటుంది. మనం ఏ సర్దుబాటూ చెయ్యకపోతే అంకెలు, తేదీలు సెల్‌లో కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు నిలబడతాయి. తేదీల కాలమ్‌లో ఒకటి ఎడమవైపు ఉంటే దాని సంగతి చూడండి.

ఖాతా నంబర్లు. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల దాకానే నమ్మకంగా దాచుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరిది సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకున్నా, కౌంట్‌ఇఫ్ వాటిని అంకెలుగానే పోల్చి, చివరి అంకె మాత్రమే వేరైన రెండు నంబర్లను ఒకటే అంటుంది. ఇంటి లెక్కకు చివరి నాలుగంకెలు చాలు. భద్రతకూ అదే మంచిది.

ఇక ఆఖరిది, రెండు షరతుల్లో "ఇదైనా సరే, అదైనా సరే" అన్నప్పుడు. ఎస్ ఉన్న ఫార్ములాలు అన్ని షరతులూ కుదిరినవాటినే తీసుకుంటాయి. ఎఫ్‌డి అయినవి, లేదా నామినీ లేనివి ఎన్ని అని అడిగితే, 5, 3 కలిపి 8 అనకూడదు. మూడు, ఆరు వరుసలు రెండు కట్టల్లోనూ ఉన్నాయి. ఆ 2 తీసేస్తే 6. పిల్లలకు గణితంలో సమితులు చెప్పేది ఇదే. ఇంటికెళ్లాక వాళ్లనే అడగండి, మనకంటే బాగా చెబుతారు.

ఇద్దరికీ తెలియాలి

ఇంటికెళ్లాక మీరు చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రసీదులన్నీ బల్ల మీద పొయ్యండి. ఒకరు చదవండి, ఒకరు ఎక్కించండి. ఎక్కించేది రోజూ బ్యాంకులో కూర్చునే మనిషి కాకుండా రెండో మనిషైతే మంచిది. తన చేత్తో రాసిన వరుస తనకు గుర్తుంటుంది. పేర్లు, రకాలు టైపు చెయ్యకుండా జాబితా నుంచి ఎంచుకునేలా డేటా వాలిడేషన్ పెట్టుకుంటే స్పెల్లింగుల గొడవ పోతుంది. మీ అబ్బాయో అమ్మాయో ఐదు నిమిషాల్లో పెట్టిస్తారు.

పాస్‌వర్డులు, పిన్‌లు ఆ షీటులో రాయకండి. ఫైలుకు ఒక పాస్‌వర్డు పెట్టి, అది ఇంట్లో ఇద్దరికీ తెలిసేలా చూసుకోండి. ఒక కాపీ ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. కరెంటు లేకపోయినా కాగితం చదవొచ్చు.

షీటు పైన నాలుగు ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ ఉండనివ్వండి. నామినీ లేనివి ఎన్ని? ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి పేరు మీద ఎంత? మూడు నెలల్లో గడువు తీరేవి ఏవి? కట్టలన్నీ కలిపితే మొత్తానికి టాలీ అయిందా? మొదటి ప్రశ్నకు జవాబు సున్నా వచ్చేదాకా వదలకండి. నాలుగో ప్రశ్నకు జవాబు అవును అయ్యేదాకా మిగతా మూడు జవాబుల్నీ నమ్మకండి.

ఏడాదికి నాలుగుసార్లు, ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మొదటివారంలో చూసుకుంటే సరిపోతుంది. బ్రాంచిలో క్వార్టర్ ముగింపు ఎలాగూ ఉంటుంది. ఇంటికీ ఒకటి ఉండాలి.

 భోజనాల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచే ఉంచుతాను. ఫోన్లో షీటు ఉన్నవాళ్లు తీసుకురండి, అక్కడే మొదటి కౌంట్‌ఇఫ్ కలిసి పెడదాం.